కుర్చీలో సహాయకుడు, చాప మీద సూపర్‌వైజరు

మందస సంస్థానం మీద చరిత్రకారులు రాశారు. కళింగ రేవుల మీదా, ఓడల మీదా రాశారు. కాశీబుగ్గలో ఢిల్లీబాబు కుర్చీలో కూర్చునే పద్ధతి మీద మాత్రం ఇంతవరకు ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు. ఇది చిన్న లోపం కాదు.

రోజూ పొద్దున పునరావాస కేంద్రం తలుపులు తెరవగానే అతను తిరిగే కుర్చీని అరచుట్టు తిప్పేవాడు. భుజం మీది తువ్వాలు తీసి, దుమ్మున్నా లేకపోయినా, సీటును దులిపేవాడు. తెల్లకోటు వెనక అంచులు రెండు చేతులా ఎత్తిపట్టుకుని, కూర్చోమని లోకం తనను బతిమాలుతున్నట్టు ఒక్క క్షణం ఆగి, అప్పుడు కూర్చునేవాడు. అంతవరకు కేంద్రంలో ఏ రోగీ చెయ్యి కదిపేవాడు కాదు. ఈ ఆచారం ఎప్పుడు పుట్టిందో చెప్పడానికి ఆధారాలు లేవు. ఎలా అంతరించిందో మాత్రం స్పష్టంగా తెలుసు. దానికి భారత పార్లమెంటు కొంతవరకు బాధ్యత వహించాలి.

ఢిల్లీబాబుది మందస అవతల ఒక ఉద్దానం పల్లె. తండ్రి సన్యాసయ్య కొబ్బరితోటలు కౌలుకు చేసేవాడు. కొడుకు పెద్దవాడు కావాలని, తనకు తెలిసిన ఊళ్ళలో పెద్దదాని పేరు పెట్టాడు. ఆ ఢిల్లీబాబు విశాఖపట్నం దాటి పోలేదు. అక్కడ చికిత్స సహాయకుల కోర్సు ఒకటి చదివి, సర్టిఫికెట్టు పుచ్చుకుని, ఎముకల డాక్టరు జగదీశ్వరరావు గారు కాశీబుగ్గలో పెట్టిన ఈ కేంద్రంలో చేరాడు. కొబ్బరిచెట్టు మీంచి పడి మణికట్టు విరిగినవాళ్ళు, జీడిపిక్కల నూనెకు వేళ్ళు కాలి బిగుసుకుపోయినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు అక్కడికి వచ్చేవారు. వాళ్ళంతా అతన్ని "సిన్న డాట్రుగోరు" అనేవారు. అలా అనకూడదని అతను ప్రతిసారీ చెప్పేవాడు. ఎవరికీ వినపడనంత మెల్లగా చెప్పేవాడు.

ఇలా ఉండగా ఒకనాడు జగదీశ్వరరావు గారు అతన్ని గదిలోకి పిలిచారు.

"ఏవోయ్ ఢిల్లీ, మన పనుల మీద చట్టం వచ్చి కొన్నేళ్ళయిందయ్యా. ఇంకా పట్టనట్టు కూర్చుంటే బాగుండదు. ఆక్యుపేషనల్ థెరపిస్టును వేసుకుంటున్నాను. టెక్కలి అమ్మాయి, శ్రావణి అని. డిగ్రీ చదివింది."

"ఆక్యుపేషనల్ థెరపీ మనం చేస్తన్నాం కదా సార్."

"చేస్తున్నాం. కాని ఎవరు చెయ్యాలో చట్టం చెప్పింది."

డాక్టరు గారు విడమరిచి చెప్పారు. జబ్బు వల్లో దెబ్బ వల్లో మనిషి చేసుకోలేకపోతున్న రోజువారీ పనులు, అంటే తినడం, స్నానం చెయ్యడం, జడ వేసుకోవడం, కూలికి పోవడం, మళ్ళీ చేసుకునేటట్టు చేసే వైద్యం ఇది. పార్లమెంటు 2021లో చేసిన చట్టం ఈ రంగంలో పనిచేసేవాళ్ళను రెండు రకాలుగా నిర్వచించింది. డిగ్రీ చదివిన చికిత్సకులు పరిశీలిస్తారు, సలహా ఇస్తారు, పర్యవేక్షిస్తారు. రెండో రకంవారు ఆ చికిత్స అమలుకు తోడ్పడతారు. దీన్ని పట్టుకుని డాక్టరు గారు తన కేంద్రానికి సొంతంగా నిబంధనలు రాయించి గోడకు అంటించారు. రోగిని ముందు థెరపిస్టు చూడాలి. ఏ చికిత్స ఇవ్వాలో ఆవిడే నిర్ణయించాలి. సహాయకుడు దాన్ని అమలు చెయ్యాలే గాని మార్చకూడదు. థెరపిస్టు ఊళ్ళో లేకపోతే ఫోన్లో దొరకాలి. సహాయకుడు చేసినదానికి జవాబుదారీ ఆవిడదే.

ఢిల్లీబాబు ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాడు. "పర్యవేక్షిస్తారు" అన్న మాట ఎంత గంభీరంగా ఉంది. "తోడ్పడతారు" అన్న మాట, పెళ్ళిలో విస్తళ్ళు వేసేవాణ్ణి పిలిచినట్టుంది.

ఇంట్లో భార్య ప్రమోదిని దగ్గర ఇదే బాధ వెళ్ళబోసుకున్నాడు. ఆవిడది ఇచ్ఛాపురం.

"తోడ్పడ్డం అంత తక్కువ పనేటి?" అంది ప్రమోదిని, కూర తరుగుతూ. "ఒక్కపూట నా వంటకి తోడ్పడి సూడు. అప్పుడు తెలుత్తాది."

శ్రావణి వచ్చే రోజు దగ్గరపడే కొద్దీ అతనికి కుర్చీ మీద బెంగ పట్టుకుంది. ఆవిడ రాగానే అందులో కూర్చుంటుంది. తను స్టూలు మీదికి మారాలి. ఆ దృశ్యాన్ని ఊహించుకుని, దానికి తగిన ముఖం కూడా సిద్ధం చేసుకున్నాడు. త్యాగమూ, లోపల ఎక్కడో నిరసనా ఉన్న ముఖం.

శ్రావణి వచ్చింది. వయసులో అతని మేనకోడలంత ఉంటుంది. గది నాలుగు మూలలా చూసింది.

"చాప ఒకటి కావాలండీ, ఢిల్లీబాబు గారూ."

"రోగులకా?"

"వాళ్ళకీ, నాకూ."

చెప్పులు విప్పి కింద కూర్చుంది. ఇక్కడివాళ్ళు పిక్కలు వలిచేది కింద కూర్చుని, కత్తిపీట ముందేసుకుని కూరలు తరిగేది కింద కూర్చుని, అన్నం తినేదీ కింద కూర్చునే. మంచం మీద నేర్పిన పని ఇంటికెళ్తే ఎందుకు పనికొస్తుంది అని ఆవిడ వాదన. కుర్చీ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

ఆవిడ కుర్చీ లాక్కుని ఉంటే ఢిల్లీబాబు క్షమించి ఉండేవాడు. అక్కర్లేదన్నందుకు క్షమించలేకపోయాడు. ఇన్నేళ్ళు తను ప్రాణంగా చూసుకున్న వస్తువు మీద ఎదుటివాళ్ళకు ఆశ లేకపోతే మనిషి ఏం చేసుకోవాలి?

అయితే దీనివల్ల అతను ఎదురుచూడని లాభం ఒకటి కలిగింది. పలాస చుట్టుపక్కల సూపర్‌వైజరు అంటే ఎవరో పిల్లలకు కూడా తెలుసు. జీడిపప్పు బట్టీల్లో పొర తీసే ఆడవాళ్ళు కింద కూర్చుంటారు. సూపర్‌వైజరు కుర్చీలో కూర్చుంటాడు. కింద కూర్చుని చేతులు మాపుకునే సూపర్‌వైజరు ఈ ప్రాంతపు అనుభవంలో లేడు. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళంతా చాప మీది అమ్మాయిని పనిలో పెట్టిన పిల్లగానూ, కుర్చీలోని కోటును ఆ పిల్ల మీద అధికారిగానూ లెక్కవేసుకున్నారు.

"ఈ పాపకి సూపర్‌వైజరు మీరేనా బాబూ?" అని ఒకావిడ అడిగేసింది కూడా.

ఢిల్లీబాబు అవునని అనలేదు. తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను కూడా ఏమీ అనలేదు.

ఆ అడిగినావిడ పేరు రోజా. జీడిపప్పు బట్టీలో పనిచేస్తుంది. అత్త బొడ్డమ్మను తీసుకొచ్చింది. బొడ్డమ్మకు వానాకాలంలో పక్షవాతం వచ్చింది. కాలు కుదుటపడింది గాని కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుని రొమ్ముకు అంటుకుపోయి ఉండేది.

శ్రావణి ఆమె పక్కన చాప మీద చతికిలబడి అడిగింది. "ఈ చెయ్యి బాగైతే మొట్టమొదట ఏం చెయ్యాలని ఉంది, అమ్మమ్మా?"

బొడ్డమ్మ కుర్చీ వైపు చూసింది. ఢిల్లీబాబు అనుమతిస్తున్నట్టు తల ఊపాడు.

"నా కూడు నాను కలుపుకు తినాల," అంది బొడ్డమ్మ. "ఈ రోజా పెడతాది, పెట్టదని కాదు. ఆటోవోడు హారనేత్తే సాలు, ముద్ద మీద ముద్ద పడిపోతాది. నాకు కూడు పెడతందో, గోనెలో పిక్కలు కూరతందో తెల్దు."

"ఆటో ఎల్లిపోతే నీ కొడుకు దింపుతాడేటి నన్ను?" అంది రోజా.

"ఆడా? ఆడికీ నువ్వే పెట్టాల ముద్ద."

"మరి ఆ మాట ఆడితో సెప్పు."

శ్రావణి నవ్వి, ఆ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు పరిశీలించింది. తరవాత చికిత్స నిర్ణయించింది. అరచెయ్యి చాప మీద ఆనించి ఒంటి బరువు దాని మీద మెల్లగా మోపించాలి. రాత్రిళ్ళు వేళ్ళు చాపి ఉంచే ప్లాస్టిక్ బద్ద కట్టాలి. వేళ్ళు వదులయ్యాక పళ్ళెంలో రవ్వ పోసి కలిపించాలి, ఆ తరవాత అన్నం. గట్టిగా పిసికే పనులు ఇప్పుడు వద్దు. వారంలో రెండు రోజులు ఆవిడ టెక్కలిలో డాక్టరు గారి రెండో క్లినిక్కుకు వెళ్ళాలి. ఆ రోజుల్లో ఢిల్లీబాబు ఇదే చేయించాలి.

చేయించాడు. నెల తిరిగేసరికి బొడ్డమ్మ బొటనవేలు కదిలింది. ఆ మరుసటి వారం చూపుడువేలు. అప్పటినుంచి కేంద్రంలో కానుకల ప్రవాహం మొదలైంది. ఢిల్లీబాబుకు నమస్కారాలు వచ్చేవి. శ్రావణికి పనసతొనలు వచ్చేవి. నమస్కారం ఎంత గౌరవప్రదమైనదైనా దానికి వాసన ఉండదు. పనసతొనల వాసన మాత్రం గది దాటి, కుర్చీ ఎక్కి, కోటులోకి దూరేది. శ్రావణి అతనికీ పెట్టేది. అతను తినేవాడు. ఆ తీపి ఆవిడ పేరు మీద వచ్చిందని ప్రతి తొనకూ గుర్తొచ్చేది.

"ఈ పాప సెయ్యి తగిలితే సాలు, నా ఏళ్ళు మాటింటాయి," అనేది బొడ్డమ్మ, వచ్చినవాళ్ళందరితోనూ.

టెక్కలి రోజుల్లో ఆ వేళ్ళను పట్టుకున్న చెయ్యి తనదే కదా. దాని సంగతి ఎవరూ ఎత్తరేం? గోడ మీది నిబంధనల్లో వెతికాడు. మెచ్చుకోలు ఎవరికి చెందుతుందో రాసిలేదు. అయినా అతనికి ఒకటి స్పష్టమైంది. ఏ రోజున బొడ్డమ్మ తన చేత్తో తను అన్నం తింటుందో ఆ రోజున ఆ చెయ్యి ఎవరు బాగుచేసినట్టు అన్నది ఉద్దానమంతా తేలిపోతుంది. ఇలాగే సాగితే అది శ్రావణి పేరు మీదే తేలుతుంది.

అతని బీరువాలో ఒక ఎర్ర రబ్బరు బంతి ఉంది. మణికట్టు విరిగి అతికినవాళ్ళకు దాంతో పట్టు తెప్పించి పేరు తెచ్చుకున్నాడు. శ్రావణి టెక్కలి వెళ్ళిన ఒకరోజు దాన్ని తీసి బొడ్డమ్మ చేతిలో పెట్టాడు.

"దీన్ని పిసుకు. ఇంటికి పట్టుకెళ్ళు. పొద్దునా సాయంత్రం పిసుకు. పిడికిలి ఇనుములా తయారవ్వాలి."

"పాప పిసకొద్దన్నాది కదా బాబూ?"

"నేను చెప్తున్నాను కదా."

"అవున్లే. మీరు సూపర్‌వైజరుగోరు. మీకు తెల్దేటి."

ఆ క్షణంలో అతని మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. అసూయకు చర్మం మందం, ముల్లు విరిగింది.

బొడ్డమ్మ మాట నిలబెట్టుకునే మనిషి. కోళ్ళను అదిలిస్తూ పిసికింది, పక్కింటివాళ్ళతో దెబ్బలాడుతూ పిసికింది. చెయ్యి మళ్ళీ బిగుస్తోందని శ్రావణి గమనించింది. రాత్రి బద్ద సరిగా కట్టుకోవడం లేదేమో అనుకుని, బద్దకు కొత్త పట్టీలు కుట్టించింది.

మరో టెక్కలి రోజున బొడ్డమ్మ వెలిగిపోయే ముఖంతో వచ్చింది.

"బాబూ, నా పట్టు సూత్తారేటి?"

ఢిల్లీబాబు కుర్చీలోంచి ముందుకు వంగాడు. బొడ్డమ్మ అతని కోటు రొమ్ము దగ్గర పట్టుకుంది. పిడికిలి నిజంగానే ఇనుము. అతని గుండె నిండిపోయింది. ఈ పట్టు తనది, అచ్చంగా తనది, ఇందులో టెక్కలికి భాగం లేదు.

"భేష్. ఇంక వదులు."

"వదిలీసినాను."

"వదల్లేదు."

"నాను వదిలీసినాను బాబూ. సెయ్యే వదల్లేదు."

అతను వెనక్కి లాగాడు. లాగిన కొద్దీ ఆ పిడికిలి ఇంకా బిగుసుకుంది. కుర్చీకి చక్రాలుండటం వల్ల అతనే ఆమె వైపు దొర్లుకుంటూ వెళ్ళాడు. చాప మీదున్న రోగులు చికిత్స ఆపి చూస్తున్నారు.

"కోటు ఇప్పీండి బాబూ," అని సలహా ఇచ్చింది రోజా.

సలహా మంచిదే. కాని ఉక్కపోత వల్ల ఆ రోజు అతను కోటు కింద చొక్కా వేసుకోలేదు.

"నన్నేటి సెయ్యమంటారు?" అంది బొడ్డమ్మ. "ఇలగే బస్సెక్కీమంటారా, ఇద్దరం?"

గత్యంతరం లేక ఢిల్లీబాబు ఖాళీగా ఉన్న చేత్తో ఫోను తీశాడు. ఆవిడ చేరిన దగ్గర్నుంచి "ఏవండీ" అనీ "ఇదిగో" అనీ నెట్టుకొస్తున్న మనిషి మొదటిసారి ఆ మాట అన్నాడు.

"మేడమ్."

సంగతి విని శ్రావణి టెక్కలి నుంచి నిదానంగా చెప్పింది. "లాగకండి. లాగితే ఇంకా పట్టేస్తుంది. ఆవిడ మణికట్టు కింద మీ చెయ్యి పెట్టి, మెల్లగా కిందికి వంచండి. తొందరపడకండి. వేళ్ళు వాటంతటవే వదులవుతాయి."

వంచాడు. వేళ్ళు వదులయ్యాయి. కోటు బయటపడింది. గోడ మీది కాగితంలో "ఫోన్లో దొరకాలి" అన్న నిబంధన ఎందుకుందో అతనికి ఆనాడు అర్థమైంది.

"ఢిల్లీబాబు గారూ," అంది ఫోన్లో గొంతు. "ఆవిడకు పిసకడానికి ఏమైనా ఇచ్చారా?"

ఢిల్లీబాబు ఫ్యాను వైపు చూశాడు. ఫోనుకు దగ్గరగా ఉన్న బొడ్డమ్మ అందుకుంది. "ఇచ్చినారు పాపా. బంతి. ఎర్రటిది. మంచి బంతి."

మర్నాడు జగదీశ్వరరావు గారి గదిలో విచారణ జరిగింది. పదిహేను రోజులు పిసికినందుకు బొడ్డమ్మ చెయ్యి మొదటికి వచ్చింది. ఢిల్లీబాబు కొత్త ముఖం ఒకటి సిద్ధం చేసుకుని వచ్చాడు. పశ్చాత్తాపమూ, పని ఊడితే ఊడనీ అన్న ధైర్యమూ ఉన్న ముఖం. దాన్ని పెట్టుకునేలోపే శ్రావణి మాట్లాడింది.

"తప్పు నాది సార్. పిసకొద్దని చెప్పాను గాని ఎందుకొద్దో ఆయనకు చెప్పలేదు. పక్షవాతం చేతికి ముడుచుకోవడం బాగానే వచ్చు, తెరుచుకోవడమే రాదు. పిసికితే ఆ ముడుచుకోవడమే బలపడుతుంది. అది వివరించాల్సింది. చెయ్యి బిగుస్తోందని చూసి కూడా ఇంట్లో ఏం చేస్తున్నారని అడగలేదు. పర్యవేక్షణ నాది కాబట్టి బాధ్యతా నాదే."

డాక్టరు గారు తృప్తిగా తల పంకించారు. చట్టానికి ఇంత ముచ్చటైన ఉదాహరణ తన కేంద్రంలోనే దొరుకుతుందని ఆయన అనుకోలేదు.

ఢిల్లీబాబుకు మాత్రం కడుపు మండిపోయింది. రోగులు ఆవిడవాళ్ళయ్యారు. పనసతొనలు ఆవిడవయ్యాయి. ఇన్నాళ్ళకు తను స్వయంగా, ఎవరి తోడ్పాటూ లేకుండా, ఒక తప్పు చేస్తే అది కూడా ఆవిడ పట్టుకుపోతోంది.

"కాదు సార్," అన్నాడు. "తప్పు నాది. బంతి నాది. ఇచ్చినోణ్ణి నేను. ఆవిడ టెక్కలిలో ఉన్నారు."

"జవాబుదారీ ఆవిడదేనయ్యా. గోడ మీద రాసి పెట్టానుగా."

"రాసుకోండి సార్. అన్నీ ఆవిడవేనేటి?"

డాక్టరు గారు కళ్ళజోడు తీసి ఇద్దర్నీ చూశారు. తప్పు నాది కాదంటే నాది కాదని కొట్టుకునేవాళ్ళను ఆయన చాలామందిని చూశారు. ఇది కొత్త కేసు. చివరకు జవాబుదారీ శ్రావణికీ, బంతి ఢిల్లీబాబుకూ పంచి ఇచ్చి తీర్పు చెప్పారు. అతని ఉద్యోగం ఉంటుంది. కుర్చీ వరండాలోకి పోతుంది. రేపటినుంచి అతను చాప మీద కూర్చుని నేర్చుకోవాలి. ముందుగా బొడ్డమ్మకు అసలు సంగతి తన నోటితో చెప్పాలి.

చెప్పాడు.

"సూపర్‌వైజరు నేను కాదు, బొడ్డమ్మా. ఆవిడ."

"కింద కూకున్న ఈ పాపా?"

"అవును."

"మరి మీరెవులు?"

"సహాయకుణ్ణి. ఆవిడ చెప్పింది చేస్తాను."

బొడ్డమ్మ కుర్చీ వైపు చూసింది. "అలగైతే ఇన్నాళ్ళూ కుర్సీలో కూకున్నావేటి నువ్వు?" అంది. మీరు నుంచి నువ్వుకు ఆమె ఒక్క ఊపిరిలో దిగిపోయింది. ఢిల్లీబాబు మెట్టు మెట్టునా దిగాల్సి వచ్చింది.

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. అరచెయ్యి ఆనించడం, బరువు మోపడం, రాత్రి బద్ద. ఢిల్లీబాబు చాప మీద మోకాళ్ళు నొప్పులు పుట్టేలా కూర్చున్నాడు. ఎందుకు, ఎందుకు అని శ్రావణిని అడిగి తెలుసుకున్నాడు. ఆవిడ చెప్పినదానికంటే ఒక్కటి తక్కువా చెయ్యలేదు, ఎక్కువా చెయ్యలేదు. అంతమాత్రాన అసూయ పోయిందనుకోకూడదు. అది కుర్చీ దిగి అతనితోపాటు చాప మీదికి వచ్చింది. శ్రావణి బొడ్డమ్మకు కుడిపక్కన కూర్చుంటే, అతను ఇంకా కొంచెం కుడిపక్కకు జరిగేవాడు.

"మద్దిలో నాను నలిగిపోతన్నాను," అనేది బొడ్డమ్మ. "సెయ్యి బాగైనాక నడుం బాగుసెయ్యాల మీరు."

రవ్వ పళ్ళెం వచ్చింది. రవ్వలో వేళ్ళు ముందు దున్నాయి, తరవాత కలిపాయి. తడి రవ్వను ముద్ద చేశాయి. అన్నిటికంటే ముఖ్యంగా, చేసిన ముద్దను వదిలాయి. ఇక అన్నమే పెట్టొచ్చని శ్రావణి నిర్ణయించింది. బట్టీకి సెలవు చూసుకుని రోజా పొద్దున్నే వండి క్యారేజీ పట్టుకొచ్చింది. జగదీశ్వరరావు గారు రోగులను కాసేపు ఆగమని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

ఢిల్లీబాబు రాత్రి సరిగా నిద్రపోలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక బొడ్డమ్మ తలెత్తి ఎవరి ముఖం చూస్తుంది? ఏ చట్టమూ దీన్ని నిర్వచించలేదు. ఎందుకైనా మంచిదని అతను బొడ్డమ్మకు సరిగ్గా ఎదురుగా, తలెత్తితే తప్పించుకోవడానికి వీల్లేని చోట కూర్చున్నాడు. శ్రావణి పక్కనే మోకాళ్ళ మీద ఉంది. ఆవిడ కూడా ఆ చూపు కోసమే ఎదురుచూస్తోందని అతనికి గట్టి అనుమానం.

రోజా స్టీలు పళ్ళెంలో అన్నం పెట్టి, పప్పు పోసింది. బొడ్డమ్మ కుడిచెయ్యి పళ్ళెంలోకి వెళ్ళింది. వేళ్ళు అన్నాన్ని తడిమి, చెదరగొట్టి, మెల్లగా పప్పును లోపలికి లాక్కున్నాయి. ఉంగరపువేలు మొండికేసింది, మిగతావి దాన్ని కలుపుకుపోయాయి. ముద్ద తయారైంది. గుండ్రంగా లేదు గాని ముద్దే. అది లేచింది. దారిలో నాలుగు మెతుకులు చీర మీద రాలాయి. మోచెయ్యి వణికింది. ఢిల్లీబాబు చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు వెళ్ళబోయింది. "వద్దు," అంది శ్రావణి మెల్లగా. ఆగాడు.

ముద్ద నోటికి చేరింది. వేళ్ళు తెరుచుకుని, ఖాళీ చెయ్యి కిందికి దిగింది.

బొడ్డమ్మ నమిలింది. ఆటో లేదు, హారన్ లేదు, వెనకనుంచి ఇంకో ముద్ద రావడం లేదు. ఆమె తీరుబడిగా నమిలి, మింగి, తలెత్తింది. శ్రావణి వైపు చూడలేదు. ఢిల్లీబాబు వైపూ చూడలేదు. ఇద్దరి మధ్యనుంచి కోడలి వైపు చూసింది.

"పప్పులో ఉప్పెయ్యలేదేటే, రోజా?"

రోజా క్యారేజీలోంచి ఇంత పప్పు వేలితో తీసి నాలిక మీద వేసుకుంది. ఉప్పు వెయ్యలేదు.